పాదరసం గాడిస్ దిగిన మెట్లు

లెమ్యూల్ గాడిస్‌ని మట్టికి అప్పగించి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. చర్చి సంఘంలోని ఆడవాళ్లు కొందరు స్మశానానికి రాకుండా ముందే ఇల్లు చేరి, అతని అక్క ఇడెల్లా వసారాలో బల్లలు వేసి, కోడి వేపుడూ, మొక్కజొన్న రొట్టే, ఉడికించిన ఆకుకూరా, చిలగడదుంప కేకూ సర్దిపెట్టారు. ఏడవాల్సిందంతా చర్చిలోనే ఏడ్చేశారు గనక ఇప్పుడు అందరికీ ఆకలేస్తోంది. సాగనంపిన మనిషి గురించి తింటూ, నవ్వుతూ చెప్పుకోవడం వాళ్ల ఆనవాయితీ.

ఇడెల్లాకి మాత్రం ముద్ద దిగడం లేదు.

పక్క కుర్చీలో తమ్ముడి కూతురు వెర్లీన్ కూర్చుని ఉంది. ఇరవై ఏడేళ్ల పిల్ల. నిన్న జార్జియా నుంచి రైల్లో వచ్చింది, ఇవాళ అయిదు గంటల బండికి వెళ్లిపోతానంటోంది. తలమీది నల్ల టోపీ తీయలేదు, ఒళ్లోంచి చేతిసంచీ దించలేదు. ఇద్దరి మధ్యా చిన్న పీట మీద, పాత పత్రికలో చుట్టిన లెమ్యూల్ డాన్సు బూట్లు ఉన్నాయి. పొద్దున ఇడెల్లా వాటిని తెచ్చి ఆ పిల్ల చేతికివ్వబోయింది.

"ఇవి నీవి తల్లీ. పోయేముందు మీ నాన్న రెండే మాటలన్నాడు. బూట్లు అన్నాడు, వెర్లీన్ అన్నాడు."

"నాకొద్దత్తా. అబద్ధానికి గుర్తులు తీసుకెళ్లి ఇంట్లో ఎక్కడ పెట్టుకోను?"

"అబద్ధమేమిటే! దక్షిణాదిలో ఆడే సినిమాల్లోంచి, అక్కడి తెల్లవాళ్లకి గిట్టదని, మన నల్లవాళ్ల డాన్సులు కత్తిరించేస్తారని మీ నాన్నే చెప్పాడు నాకు."

"ఆయనే చెప్పాడు. సరే. కత్తిరించడం ఎవరైనా చూశారా? పోనీ ఆయన సినిమాలో ఆడడం నువ్వు చూశావా? నీ కళ్లతో?"

 బాప్తిస్మం తీసుకున్ననాడు ఇడెల్లా సినిమా హాలు గడప తొక్కనని ప్రభువుకి మాటిచ్చింది, నలభై ఏళ్లుగా తప్పలేదు. లాస్ ఏంజలస్ అంతా 'పాదరసం గాడిస్' అని పిలిచిన మనిషి ఆమె ఇంట్లోనే తిన్నాడు, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కాలే వేసుకుని స్టూడియోకి పోయాడు. కానీ తెరమీద అతన్ని ఆమె చూడలేదు. ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో కుటుంబ బైబిలు మొదటి పేజీల్లో తన చేత్తోనే రాసిపెట్టిన మనిషి ఆమె. చూడనిదాన్ని చూశానని చెప్పడానికి నోరు రాలేదు.

భోజనాల దగ్గర ఎవరో ఒకరు చెప్పకపోతారా అనుకుంది. తీరా చూస్తే వసారాలో ఉన్నవాళ్లంతా యుద్ధం రోజుల్లో ఓడల కర్మాగారాల్లో పనికని టెక్సాస్ నుంచో లూసియానా నుంచో వచ్చినవాళ్లు. ఆ రోజుల్లో ఈ ఊళ్లో, ఆ స్టూడియోలో ఉన్న మనిషి ఒక్కడే ఒక్కడు, హోసియా టాలివర్. ఆ ఒక్కడూ ఇప్పుడు మూతి తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

'ప్రభువా, ఈ ఒక్క పూటకి ఈయన నాలుకకి కళ్లెం వెయ్యి' అనుకుంది ఇడెల్లా.

హోసియాకి అరవై నాలుగేళ్లు. గోధుమరంగు కోటు, కుడి జేబులో పిప్పరమెంటు బిళ్లల రేకుడబ్బీ. పొద్దున శవపేటిక దగ్గర కూడా ఆ జేబులో చెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఏదో తీయబోయి, తీయకుండానే పక్కకి తప్పుకున్నాడు. ఇడెల్లా గమనించింది గాని ఏమిటని అడగలేదు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కానని మీ అందరికీ తెలుసు," అన్నాడు హోసియా.

"తెలీదు," అన్నాడు బార్బర్ క్లీటస్, కోడి ఎముక చీకుతూ.

"పంతొమ్మిదివందల నలభయ్యో సంవత్సరం. సినిమాకి ఆ మెట్ల డాన్సు తీసే రోజు పొద్దున లెమ్యూల్ కుడి బూటు రేకు వదులైంది. అడుగున మడమకి కొడతారే, టకటకలాడే రేకు, అది. నేను పక్కనే ఉన్నాను. ఒక మేకు కొట్టాను. అంతే. ఇంతకంటే నేనేం చెప్పుకోను."

"అయితే కూర్చో మరి," అన్నాడు క్లీటస్.

"కూర్చుంటాను గాని, ఎలా కొట్టానో తెలుసా? మిగతా మేకులన్నీ గుండ్రటి తలవి, నా దగ్గర ఉన్నది పలకల తలది, సుత్తి చూస్తే లేదు, దర్శకుడేమో గడియారం చూసుకుంటున్నాడు, సరే కానీమ్మని బొటనవేలు పెట్టి నొక్కాను చూడు, వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది! లెమ్యూల్ నా వంక చూసి 'హోసియా, ఇవాళ ఈ కాలు నాది కాదు, నీది' అన్నాడు. అన్నాడా, ఇక మొదలెట్టాడండీ! మెట్లు ఇరవై. పైనుంచి కిందికి దిగాలి. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడో లేదో చెక్క వేడెక్కింది, మూడో మెట్టుకి పొగ లేచింది, అయిదో మెట్టుకి దర్శకుడు కుర్చీలోంచి వంగి ఆ మెట్టు మీదే చుట్ట అంటించుకున్నాడు, అగ్గిపుల్ల అన్నది లేకుండా! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఫైరింజన్ వచ్చుంటుంది."

"వచ్చింది! నీకెవరు చెప్పారు? నలుగురు మనుషులు గొట్టాలు పట్టుకుని లోపలికి ఉరికారు, లెమ్యూల్‌ని చూశారు, నీళ్లు వదలడం మర్చిపోయి వాళ్లూ కాళ్లాడించడం మొదలెట్టారు. అందులో ఒకడు ఇప్పుడు షికాగోలో డాన్సు బడి నడుపుతున్నాడు, కావాలంటే ఉత్తరం రాసి కనుక్కోండి."

వసారా అంతా నవ్వింది. పాటల బృందంలో పాడే పెర్లీ అయితే చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. ఇడెల్లా నవ్వలేదు. ఆమె చూపంతా వెర్లీన్ ఎడమ చేతి మీద ఉంది. ఆ పిల్ల బొటనవేలిని లోపలికి మడిచి, మిగతా వేళ్లతో గట్టిగా మూసి, పిడికిలి బిగించింది. లెమ్యూల్‌కి పసితనం నుంచీ అదే అలవాటు. పళ్లు బిగబట్టినప్పుడల్లా అలాగే బిగించేవాడు.

"హోసియా, ఇదిగో, నిమ్మరసం తాగు," అంది ఇడెల్లా. "ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు."

"ఉన్నదే చెప్తున్నానమ్మా, అదీ సగానికి సగం తగ్గించి." గ్లాసు అందుకున్నాడు గాని తాగలేదు. "ఇంక చప్పుడు సంగతి వినండి. సినిమావాళ్లు బొమ్మ ఒకరోజు తీస్తారు, కాళ్ల చప్పుడు ఇంకోరోజు విడిగా ఎక్కిస్తారు. అందరికీ అంతే. కానీ లెమ్యూల్‌కి ఎందుకు విడిగా ఎక్కించాల్సొచ్చిందో మీకెవరికీ తెలీదు. మంగళవారం ఆడాడు. అరవై మెట్లూ దిగాడు, బూట్లు విప్పాడు, ఇంటికొచ్చి ఇదిగో ఈ ఇడెల్లా చేతి కూర తిన్నాడు. ఆయన కాళ్ల చప్పుడు స్టూడియోకి బుధవారం భోజనాలయ్యాక వచ్చింది! అంత వెనకబడిపోయింది పాపం. సౌండు మనిషి మైకు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, బస్సు కోసం చూసినట్టు."

"ఇందాక మెట్లు ఇరవై అన్నావు," అంది పెర్లీ.

"ఇరవై పొద్దున. మనవాడికి చాలడం లేదని మధ్యాహ్నానికి ఇంకో నలభై కట్టించారు."

మళ్లీ నవ్వులు. వెర్లీన్ తల తిప్పి కిటికీలోంచి గోడగడియారం చూసింది. మూడూ పది.  హోసియా ఎక్కించే ఒక్కో మెట్టుకీ ఈ పిల్ల ఒక్కో మెట్టు దూరం వెళ్లిపోతోంది. అసలు సాక్షి ఒక్కడే, ఆయన మాట ఎవరూ నమ్మరు. లేచి ఆయన నోరు మూయించగలిగే మాట ఇడెల్లాకి ఒకటి తెలుసు. కానీ హోసియా పరువు తీసే ఆ మాట ఎవరికీ చెప్పనని లెమ్యూల్‌కి ఒట్టేసింది. ఆ మనిషి మీద మట్టి ఇంకా ఆరలేదు.

"అన్నా, ఇంతకీ నువ్వు ఆ డాన్సులో లేవా?" అని ఎగదోశాడు క్లీటస్.

"లేకపోవడమా? వస్తున్నా, వస్తున్నా. సాయంత్రానికి మెట్లు నూట నలభై నాలుగయ్యాయి. కప్పు అడ్డొచ్చింది, కప్పు తీసేశారు. లెమ్యూల్ పై మెట్టు మీద నిలబడితే నడుం దాకా మబ్బు, టోపీ మీద పావురం. అక్కణ్ణుంచి దిగడం మొదలెట్టాడు నాయనా, భూమి అదిరింది! పసడీనా నుంచి భూకంపాలు కొలిచే ప్రొఫెసర్లు యంత్రాలు చంకనపెట్టుకుని పరిగెత్తుకొచ్చారు. శాంటా మోనికాలో సముద్రం అర మైలు వెనక్కి తగ్గి నిలబడిపోయింది, స్నానాలకెళ్లినవాళ్లు చేపల్ని చేత్తో ఏరుకున్నారు, పెర్లీ, నీకు గుర్తుండాలే, ఆ వారం చేపలు చవక! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నూట నలభై మూడో మెట్టు మీద లెమ్యూల్ జారాడు. అయిపోయాడు అనుకున్నారంతా. నేను ఒక్క గెంతు గెంతాను. ఒక చేత్తో వాణ్ణి పట్టుకున్నాను, రెండో చెయ్యి గాల్లో ఇలా పెట్టాను, ఆఖరి మెట్టు ఇద్దరం కలిసి దిగాం, ఒక్క తాళం తప్పకుండా!"

"మరి సినిమాలో నువ్వు కనబడవేం?" అంది పెర్లీ.

హోసియా ఛాతీ పొంగించాడు. "నా వేగం అలాంటిది. కెమెరాకి అందలేదు."

కుర్చీలు కదిలేలా నవ్వారు. ఆ నవ్వు ఇంకా తగ్గకముందే వెర్లీన్ నోరు విప్పింది. గొంతు పెంచలేదు.

"మా నాన్న కూడా అందలేదు కాబోలు సార్."

నవ్వు ఆగిపోయింది.

"అప్పుడు నాకు తొమ్మిదేళ్లు," అంది వెర్లీన్. "నాన్న ఉత్తరం రాశాడు. సినిమా మీ ఊరు మేకన్‌కి వస్తుంది తల్లీ, వెళ్లి చూడు, మెట్ల మీద తెల్ల కోటు వేసుకున్నది నేనే అని. నేను బళ్లో అందరికీ చెప్పాను. చర్చిలో చెప్పాను. పాస్టరు గారు వేదిక మీంచి కూడా చెప్పారు. శనివారం పక్క మెట్లమీదుగా మమ్మల్ని పైకి పంపించారు, కింద తెల్లవాళ్లు, పైనంతా మనవాళ్లే, నా తరగతి తరగతంతా. సినిమా అయిపోయింది. నాన్న రాలేదు. నేనే కళ్లు మూశానేమో అనుకుని మళ్లీ చూశాను. మూడో ఆట కూడా చూశాను. అప్పటికి పైన నేనూ అమ్మమ్మా తప్ప ఎవరూ లేరు. సోమవారం బడికి వెళ్లాను కదా... ఆ బళ్లో నా పేరు తర్వాత నాలుగేళ్లు 'తెల్లకోటు.' ఆయనకి మళ్లీ ఉత్తరం రాయలేదు."

 క్లీటస్ ఎముక కంచంలో పెట్టేశాడు. "నేనూ హ్యూస్టన్‌లో చూశాను ఆ సినిమా," అన్నాడు మెల్లగా. "నాకూ... మెట్లేవీ గుర్తులేవు." అనేసి, అనకుండా ఉండాల్సింది అన్నట్టు తల వంచుకున్నాడు.

వెర్లీన్ చేతిసంచీ సర్దుకుని లేచింది. "స్టేషనుకి ఎవరైనా దింపుతారా అత్తా?"

'లెమ్యూల్, నన్ను క్షమించు' అనుకుంది ఇడెల్లా. కుర్చీ చేతులు పట్టుకుని తనూ లేచింది.

"హోసియా. స్టూడియోలో నువ్వు ఏం పని చేసేవాడివో ఈ పిల్లకి చెప్పు."

హోసియా చుట్టూ ఉన్నవాళ్లని చూశాడు. "ఇంతమందిలోనా ఇడెల్లా?"

"బండి అయిదింటికి."

ఆయన నిమ్మరసం గ్లాసు బల్లమీద పెట్టాడు. కూర్చున్నాడు. ఇన్నేళ్లలో హోసియా కూర్చుని మాట్లాడడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు.

"చీపురు," అన్నాడు. "కత్తెర గదిలో. ఇరవై రెండేళ్లు."

ఎవరూ నవ్వలేదు.

"సినిమా తయారయ్యాక కాపీలు డబ్బాల్లో పెడతారమ్మా. తెల్ల చీటీ అంటించినవి నేరుగా పోతాయి. ఎర్ర చీటీవి మీ దక్షిణాదికి. అవి ముందు కత్తెర గదికి వచ్చేవి. మనవాళ్ల డాన్సుల్ని షూటింగప్పుడే కథకి అంటకుండా పెట్టేవారు, కత్తిరించేస్తే తెలీకుండా. మీ నాన్నదీ అంతే. సినిమాలో ఆ దొరసాని హోటలు గది తలుపు మూస్తుంది. మళ్లీ తెరుస్తుంది. మధ్యలో మీ నాన్న."

వెర్లీన్ నిలబడినచోటే నిలబడిపోయింది. "తలుపు," అంది. "మూసి వెంటనే తీస్తుంది. ఎందుకు మూసిందో నాకు అర్థం కాలేదు. మూడు ఆటల్లోనూ అర్థం కాలేదు."

"ఒక బుధవారం నా చీపురు కింద మీ నాన్న ఉన్నాడు. పదకొండు కాపీలు. పదకొండుసార్లు ఊడ్చాను." హోసియా జేబులోంచి రేకుడబ్బీ తీశాడు. మూత రాలేదు. పెర్లీ అందుకుని తీసిపెట్టింది. లోపల పిప్పరమెంటు బిళ్లలు లేవు. గుండ్రంగా చుట్టి, పలచటి కాగితం మీద పెట్టిన జానెడు ఫిలిం ముక్క ఉంది. "ఇదొక్కటీ ఊడవలేకపోయాను. దొరికితే ఉద్యోగం పోతుందని మేజోడులో దాచుకుని బయటికొచ్చాను."

"తమ్ముడికి చూపించలేదేం, పద్దెనిమిదేళ్లు?" అంది ఇడెల్లా.

"చూపిస్తే ఎక్కడ దొరికిందంటాడు. చెత్తలో దొరికిందని వాడికి ఎలా చెప్పను? ఇవాళ పెట్టెలో వాడి చెయ్యి పక్కన పెట్టేద్దామని తెచ్చాను. నాకు చేతులు రాలేదు." వెర్లీన్ వైపు చాచాడు. "అంచులు పట్టుకో తల్లీ. పెళుసెక్కింది."

వెర్లీన్ చేతిసంచీ కుర్చీలో పెట్టింది. చేతి తొడుగులు తీసింది. ఫిలిం ముక్క అంచులు రెండు వేళ్లతో పట్టుకుని వసారా చివరికి నడిచి, ఎండకి ఎదురుగా ఎత్తింది. వీధిలో ఊదా పూలు రాలిన చెట్టుకింద ఎవరో కారు ఆపి, వసారా అంతా ఒకవైపే చూస్తోందేమిటా అని తనూ అటే చూశారు.

 లెక్కపెడుతున్నట్టు వెర్లీన్ పెదాలు కదిలాయి. ఒక్కసారి ఆగి, మళ్లీ మొదట్నుంచి కదిలాయి.

"నూట నలభై నాలుగన్నారు," అంది వెనక్కి తిరక్కుండానే.

"అన్నాను."

"తొమ్మిదే ఉన్నాయి పెదనాన్నా."

"తొమ్మిదేనమ్మా," అన్నాడు హోసియా.

"మరి సముద్రం?" అని గొణిగాడు క్లీటస్. పెర్లీ మోచేత్తో పొడిచింది.

"చూడత్తా," అంది వెర్లీన్.

ఇడెల్లా కళ్లజోడు సవరించుకుని పక్కకి వెళ్లింది. హాలు గడప తొక్కనని మాటిచ్చింది గాని, దేవుడి ఎండలో నిలబడి చూడనని కాదు. చిటికెనవేలి గోరంత మనిషి. తెల్ల కోటు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాల్లో. కింద బొమ్మలోనూ వాడే, దాని కింద బొమ్మలోనూ వాడే. అన్నిట్లోనూ ఎడమ చెయ్యి పిడికిలి, బొటనవేలు లోపలికి మడిచి.

"లెమ్యూలే," అంది. గొంతు సరిచేసుకుని, ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే గొంతుతో మళ్లీ అంది. "నా తమ్ముడే. నా కళ్లతో చూశాను."

వెర్లీన్ ఫిలిం ముక్కని డబ్బీలో పెట్టి మూత వేసింది. ఆ డబ్బీ చేతిసంచీలోకి వెళ్లింది. అయిదింటి బండి గురించి ఆ పిల్ల మాట్లాడలేదు, ఇంకెవరూ మాట్లాడలేదు. టోపీ తీసి మేకుకి తగిలించి, పీట ముందు కింద కూర్చుని, పత్రిక విప్పి, బూట్లు ఒళ్లో పెట్టుకుంది. ఎడమది తిప్పి చూసింది. కుడిది తిప్పి చూసింది. మడమ రేకు మీద వేలు ఆగింది. అయిదు మేకులు గుండ్రంగా ఉన్నాయి. ఆరోది పలకలది.

"ఇది మీదేనా?"

హోసియా వంగి చూశాడు. "అది నాదే. ఆ పొద్దున సెట్టు ఊడవడానికి పిలిచారు."

"బొటనవేలితో నొక్కారా?"

ఆయన తన బొటనవేలి వంక చూసుకున్నాడు. వసారాలో అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"లేదమ్మా," అన్నాడు. "చీపురు కర్రతో కొట్టాను."